కుట్లు విప్పాక ఎక్కడికి?

తాటిచెట్టు మీద మోకు జారి పడిన గీత కార్మికుడు ప్రాణాలతో బయటపడితే ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది. పట్నం ఆస్పత్రిలో వెన్నుపూసకు రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేస్తారు. కుట్లు విప్పాక మూత్రం గొట్టంతో సహా ఇంటికి పంపేస్తారు. నడుం కింద స్పర్శ ఉండదు, కాళ్లు కదలవు. ‘ఫిజియోథెరపీ చేయించాలి’ అని డిశ్చార్జి చీటీ చివర ఒక ముక్క రాసి ఉంటుంది. ఎక్కడ చేయించాలో, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఆ చీటీ చెప్పదు. అసలు వైద్యం మొదలుకావాల్సిన చోటే ప్రభుత్వాలు చేతులు దులుపుకొంటున్నాయి.

ఇంట్లో ఏమవుతుందో మంచాన పడ్డ మనిషిని చూసుకున్న ప్రతి తల్లికీ, భార్యకూ తెలుసు. స్పర్శ లేని ఒంటికి ఒరుసుకుపోతున్న సంగతి తెలియదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలని నేర్పేవారు లేక పిరుదుల మీద, మడమల మీద పుండ్లు పడి ఎముకదాకా దిగుతాయి. నెలల తరబడి గొట్టం అలాగే ఉంచేస్తే మూత్రంలో చీము పడుతుంది, ఆపైన కిడ్నీలకు ముప్పు. కదలిక లేని కీళ్లు బిగుసుకుపోతాయి. నరాల్లో కొంత సత్తువ తిరిగొచ్చినా మోకాలు చాపలేనివాడు నిలబడేదెలా? వెన్నుపాము పూర్తిగా తెగని గాయాల్లో తిరిగొచ్చే శక్తిలో ఎక్కువ భాగం తొలి ఆరు నెలల నుంచి ఏడాదిలోపే వస్తుంది. సరిగ్గా ఆ ఏడాదినే మనం మంచానికి ధారపోస్తున్నాం.

పునరావాసమంటే కాళ్లకు నూనె మర్దనా కాదు. వాలుబల్లకు కట్టి రోజుకింత చొప్పున నిటారుగా నిలబెట్టాలి. భుజాలకు, చేతులకు బలం రావాలి. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, అందులోంచి మరుగుదొడ్డికి ఎవరి సాయం లేకుండా జరగడం, వేళకు శుభ్రంగా గొట్టం పెట్టి మూత్రం తీసేసుకోవడం నేర్పాలి. కాళ్లలో కాస్త కదలిక ఉన్నవారిని రెండు కడ్డీల మధ్య, తర్వాత క్యాలిపర్లతో, చంకకర్రలతో నడిపిస్తారు. అందరూ నడవలేరు. ఆ మాట రోగికి సూటిగా చెప్పాలి. చెప్పేవారు లేకనే పసరు వైద్యానికీ, స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లకూ పొలాలు అమ్ముకుంటున్నారు. కుర్చీ తోసుకుంటూ వెళ్లి తన కొట్లో కూర్చోగలిగితే అదీ కోలుకోవడమే.

ఇదంతా విదేశాల్లోనే సాధ్యమన్న సాకు చెల్లదు. చిత్తూరు పక్కనే ఉన్న రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమెకు నడుం కింద చచ్చుబడింది. అయినా చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకొచ్చి, ఆ విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలిసింది. ఆరు దశాబ్దాలయ్యాక కూడా మనవాళ్లు వెన్ను విరిగితే రాయవేలూరు రైలెక్కడమేనా?

డబ్బు లేదనడమూ కుదరదు. గీత కార్మికుడు శాశ్వతంగా వికలాంగుడైతే తెలంగాణ 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. పడకుండా కాపాడేందుకు 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. మంచానికే పరిమితమైన దివ్యాంగులకు ఆంధ్రప్రదేశ్ నెలకు 15,000 పింఛను ఇస్తోంది, అంటే ఏడాదికి 1,80,000. ఇవన్నీ ఇవ్వాల్సినవే, ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు. కానీ పడకముందు కవచం, పడ్డాక పింఛను ఇచ్చే ప్రభుత్వాలు ఆ రెంటి మధ్య మనిషిని లేపి కూర్చోబెట్టే పని ఎవరికి వదిలేశాయి? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 27వ సెక్షన్ పునరావాస సేవల బాధ్యతను ప్రభుత్వాల మీదే పెట్టింది. ‘ఆర్థిక స్తోమత మేరకు’ అన్న మెలిక కూడా అందులోనే ఉంది. ఆ మెలిక చాటున దాక్కోవడం ఇక చాలు.

ఆరోగ్యశ్రీలోనూ, ఎన్టీఆర్ వైద్యసేవలోనూ వెన్నుపూస ఆపరేషన్‌కూ ఆ తర్వాతి వారాల పునరావాసానికీ కలిపి ఒకే ప్యాకేజీ ఉండాలి. రెండో భాగం పూర్తికానిదే ఆస్పత్రికి పూర్తి బిల్లు చెల్లించకూడదు. ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, శిక్షణ పొందిన నర్సులతో పునరావాస వార్డు తెరవాలి. కొలతకు సరిపడే చక్రాల కుర్చీ ఇవ్వకుండా, ఇంటివాళ్లకు పక్క మార్చడం నేర్పకుండా ఎవరినీ డిశ్చార్జి చేయకూడదు. రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులు వచ్చే బడ్జెట్‌లోనే దీనికి విడిగా పద్దు చూపించాలి.