బ్యాండు వాయించేవాడూ జవానే

పట్టాళంలో చేరిన కుర్రవాడు బ్యాండులో ఉన్నాడని తెలిస్తే, "బాకా ఊదడానికా అంత దూరం పోయింది?" అని రచ్చబండ దగ్గర నవ్వేవారున్నారు. ఈ నవ్వు తగదు.

పూర్వం ఇంగ్లండులో పొద్దుగుంకే వేళ డోలు మోగితే సైనికులు పోరు ఆపి శిబిరానికి మరలేవారు. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో రాష్ట్రపతి సమక్షంలో జరిగే బీటింగ్ రిట్రీట్‌కు మూలం అదే. మన దేశంలో ఇది 1950 దశకంలో మొదలైంది. గాంధీజీకి ఇష్టమైన 'అబైడ్ విత్ మీ' బాణీని 2022లో తొలగించారు. స్వదేశీ బాణీలు రావడం సబబే గానీ, బాపూ వర్ధంతికి ముందురోజు మోగే ఆ ఒక్కటీ ఉంచితే పోయేదేముంది?

అది పైకి కనిపించే ముచ్చట. యుద్ధమొస్తే బాకా పక్కన పెట్టి, స్ట్రెచర్ పట్టి, గాయపడిన తోటివారిని మోసుకొచ్చే పని ఈ వాద్యకారులదే. అందుకూ వారికి శిక్షణ ఉంటుంది. సంగీతం మాత్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో నేర్పుతారు. మన పెళ్ళి మేళగాళ్ళ ఎర్రకోటు, జరీ పట్టీలు కూడా ఆ పట్టాళపు దుస్తులను చూసి కుట్టించుకున్నవే.

సెలవుపై ఊరొచ్చిన బ్యాండు జవాను ఉంటే, ఆగస్టు 15న పంచాయతీవారు అతణ్ణి జెండా దగ్గరకు పిలిచి బ్యూగిల్ ఊదించాలి.