ఛాదస్తమా? వ్యాధియా?

అరువదేండ్లకు అరులుమరులను సామెత మా రాజాములో వినబడని యిల్లు లేదు. ఈ సామెత యొక వ్యాధిని కప్పిపుచ్చుచున్నదని మేము వాదించుచున్నాము. కండ్లజోడు పెట్టిన చోటు మఱచు వృద్ధుడు వేఱు; తన వీధిలోనే తన యిల్లు గుర్తింపలేక నిలిచిపోవు వృద్ధుడు వేఱు. మొదటిది వార్ధకము. రెండవది మెదడునకు బట్టిన రోగము. వైద్యులు డిమెన్షియా యందురు. జర్మనీ దేశపు వైద్యుడు అల్జీమర్ 1906లో వర్ణించిన రోగిణికి వైద్యశాలలో జేరునాటికి 51 సంవత్సరములే. ముసలితనమే కారణమైనచో ఆమె కేల వచ్చెను?

మనవారు దీనికి ఛాదస్తమని పేరిడిరి. (ఛాందసుడనగా వేదము చదివినవాడని సంస్కృతార్థము. ఆ పదమునకు బట్టిన గతియు శోచనీయమే!) పేరు స్వభావదోషమును దెలుపుచున్నది గావున చికిత్సకు బదులు చీవాట్లు లభించును. కొందఱు గాలి సోకినదని తాయెత్తు గట్టింతురు. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ కొఱత, కొన్ని మందుల దోషము, దిగులు వ్యాధి, వీనివలన గలిగిన మతిమఱపు చికిత్సచే చాలవఱకు కుదురవచ్చును. రక్తపరీక్షతో దేలదగిన దానిని గూడ రక్షరేకునకు విడిచితిమి. కుదురని రోగమైనను, ముందుగా దెలిసినచో ఇంటివారు దెబ్బలాటలు మాని కాపుదలకు సిద్ధపడుదురు.

పాశ్చాత్యులు తల్లిదండ్రులను ఆశ్రమములకు బంపుదురు, మనము దేవతలుగా బూజింతుమని బడాయి పలుకుదుము. ఆ పూజ చేయున దెవరు? కొడుకు హైదరాబాదులోనో చెన్నపట్టణములోనో, కూలికో కొలువుకో, పోయి యుండును. రేయింబవళ్లు కాచునది కోడలు. అన్నము తినిన యరగంటకే అత్త అరుగుపై గూర్చుండి, తన కెవ్వరును పెట్టలేదని విలపించును. వీధి యంతయు కోడలిని దూషించును. రోగమును రోగమని చెప్పనందున ఈ నింద యామె మెడకు జుట్టుకొనుచున్నది. 2023లో ప్రకటితమైన జాతీయ పరిశోధన ననుసరించి, మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, ఈ వ్యాధి గలదు. పురుషులకంటె స్త్రీలలో, పట్టణములకంటె పల్లెలలో హెచ్చు.

జపానువారును మనవలెనే మూఢత్వమను నర్థము గల పదమును వాడెడివారు. 2004లో వారి ప్రభుత్వము దానిని త్రోసి, గ్రహణశక్తికి గలిగిన రుగ్మత యను నర్థమిచ్చు నూతనపదమును ప్రవేశపెట్టెను. పెద్దలను గౌరవించుటలో వారు మనకు దీసిపోయిరా?

పరువు పోవునని, పిల్లలకు సంబంధములు రావని, రోగమును దాచువారు పెక్కుమంది. చిత్రమేమన, వైద్యుని యొద్దకు గొనిపోవలెనన్నప్పుడు వట్టి ఛాదస్తమని త్రోసివేయువారే, పొలము వ్రాయించుకొను దినమున తాతగారు స్వస్థచిత్తులని సాక్ష్యము పలికి, రిజిస్ట్రారు నెదుట వేలిముద్ర వేయించుచున్నారు.