రోజుకు 5 వేలు, అందరికీ ఒకటే

2 లక్షల రూపాయల విడిభాగాలు తెప్పించుకున్న వర్క్‌షాపు యజమాని అయినా, 2 కోట్ల యంత్రాలు దింపుకున్న కంపెనీ అయినా, దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ 5 రోజులు ఆలస్యంగా వేస్తే పడే రుసుము ఒక్కటే: మొదటి 3 రోజులకు రోజుకు 5 వేలు, ఆపైన రోజుకు 10 వేలు, వెరసి 35 వేలు. కంపెనీకి అది సరుకు విలువలో వెయ్యికి రెండు రూపాయలు కూడా కాదు, వర్క్‌షాపుకు మాత్రం నూటికి పదిహేడున్నర. కస్టమ్స్ కాగితాలు ఎక్కువైపోయాయని అందరూ అంటారు. నన్ను బాధపెట్టేది కాగితాల సంఖ్య కాదు, ఈ లెక్క. 2021 సవరణ తర్వాత ఓడ రావడానికి ముందురోజుకల్లా ఈ పత్రం వేయాలన్నది సాధారణ నియమం. శ్రీలంక, మాల్దీవుల వంటి దగ్గరి దేశాల నుంచి సముద్రం మీద వచ్చే సరుకుకు వచ్చిన రోజు దాకా గడువిచ్చారు. అంటే కాగితం కన్నా ఓడే ముందొస్తుందని ప్రభుత్వానికీ తెలుసు. అమ్మకందారు చివరి ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు పంపేదాకా చిన్న వ్యాపారి చేతిలో ఏముంటుంది? 30 రోజుల ముందే వేయొచ్చు కదా అంటారు. వేయొచ్చు, వివరాలు చేతికొస్తే. సరైన కారణం చూపితే అధికారి రుసుము మాఫీ చేయొచ్చన్నదీ నిజమే. కానీ ఆ కారణం రాసిపెట్టి, వాదించి, తిరగడానికి మనిషి కావాలి. పెద్ద కంపెనీకి అందుకో విభాగమే ఉంటుంది, వర్క్‌షాపులో ఆ మనిషి లేత్ దగ్గర నిలబడి ఉంటాడు. గడువు గట్టిగా ఉండాల్సిందే, లేకపోతే రేవులో కంటైనర్లు పేరుకుపోతాయి. రుసుమును మాత్రం సరుకు విలువలో ఇంత శాతమని కట్టి, దానికో గరిష్ఠ పరిమితి పెట్టాలి.