ఓడిన బాతుకు దారి

పెద్దబాతు మెడ నేలబారుగా చాచి బుసకొడితే అది బెదిరింపు మాత్రమే. పగవాణ్ణి తరిమివచ్చిన మగబాతు, దాని జత కలిసి మెడలు చాచి గట్టిగా అరిస్తే అదీ పోట్లాట కాదు, గెలుపు సంబరం. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ అడవి పెద్దబాతుల్లో దీన్ని ఏళ్ల తరబడి గమనించారు. మన ఇళ్లలో ఈ అరుపుకే కర్ర తీస్తారు!

ముక్కుతో మెడనో రెక్క మొదలునో పట్టుకొని, రెక్కతో బాదితేనే అసలు దెబ్బలాట. ఓడినది దూరంగా పారిపోతే అదీ చాలావరకు ఆగుతుంది. పాల్మాకులలో మేమెరిగిన ఒక ఇంట రెండు మగవి, మూడు ఆడవి; చుట్టూ ప్రహరీ, నీళ్లకు ఒకటే తొట్టి. గుడ్ల కాలంలో చిన్న మగది దాహంతో మూలన నిలబడేది. "కోసేద్దామా అయ్యగారూ?" అని ఇంటి సహోదరి అడిగారు. వద్దమ్మా, ముందు ఎదురు మూలన మరో తొట్టి, మరో దాణా గిన్నె పెట్టండి, మధ్యలో చాటుకు తడిక నిలపండి అన్నాము.

రక్తం కారినా, కుంటినా వేరుచేయక తప్పదు. అయితే జాలీ అవతల, మిగతావాటికి కనబడేలా ఉంచాలి. చాలా రోజులు చాటున దాచి తెస్తే మంద దాన్ని పరాయిదిగా చూస్తుంది.

మామూలుగా ఒక మగదానికి మూడు నుంచి అయిదు ఆడవి ఉండాలి. ఎంతకూ పొసగకపోతే ఒక మగదాన్ని మరో ఇంటికి ఇవ్వండి, ఒక ఆడతోడుతో సహా.