దగ్గుకి రక్తపరీక్షే చాలా?

'నేనెప్పుడూ చుట్టా బీడీ ముట్టలేదు. నాకు ఊపిరితిత్తుల జబ్బేమిటి?' నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే ఇల్లాలు అడిగే మాట ఇది. ఏళ్ల తరబడి కట్టెలపొయ్యి ముందు కూర్చుని గొట్టం ఊదిన సంగతి ఆమె లెక్కలోకి రాదు. ఇంట్లోవాళ్ల లెక్కలోకీ రాదు!

ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తమ్మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల లోతుకంటా చేరి వాపు పుట్టిస్తుంది. ఒంట్లో వాపు ఉంటే కాలేయం సీఆర్పీ, ఫైబ్రినోజెన్ వంటి ప్రొటీన్లను రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. 2004లో 14 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, శ్వాసనాళాలు ఇరుకైపోయే సీఓపీడీ రోగుల్లో ఇవి ఎక్కువగానే కనిపించాయి.

మరి సీఆర్పీయే ఊపిరితిత్తుల్ని పాడుచేస్తోందా? కాదనే అంటోంది 2011 నాటి డెన్మార్క్ పరిశోధన. జన్యువుల వల్ల పుట్టుకతోనే సీఆర్పీ ఎక్కువున్నవారిలో ఈ జబ్బు అదనంగా ఏమీ కనిపించలేదు. అంటే అది దొంగ కాదు, దొంగని చూసి మొరిగే కుక్క. పైగా ఆ కుక్క జ్వరమొచ్చినా మొరుగుతుంది, చిగుళ్లు వాచినా, ఒళ్లు పెరిగినా మొరుగుతుంది!

తిరకాసంతా ఇక్కడే. ప్యాకేజీలో రక్తపరీక్షలు చేయించుకుని 'సీఆర్పీ నార్మల్' అనగానే హమ్మయ్య అనుకుంటాం. కానీ సీఓపీడీ ఉందో లేదో తేలాలంటే స్పైరోమెట్రీ చేయాల్సిందే. గుండెనిండా గాలి పీల్చి గొట్టంలోకి గట్టిగా ఊదితే, మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో కొలుస్తారు. సూది లేదు, నొప్పి లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో దేశమంతటికీ ఉజ్వల వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ అర్హులైన కుటుంబాలకి ఏటా మూడు సిలిండర్లు ఉచితమంది. మంచిదే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో పొగలేని ఇంధనంతో వండుకునే ఇళ్లు 58.6 శాతమే. గ్యాసు ఉన్న ఇళ్లలోనూ స్నానాల నీళ్లకి కట్టెలే రాజేస్తున్నవారున్నారు. అన్నిటికీ మించి, కొత్త సిలిండరు పాత పొగ చేసిన నష్టాన్ని పూర్తిగా మాన్పలేదు. బీపీ, షుగరు చూస్తున్నట్టే ఆయాసపడే ఆడవాళ్లకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ ఊదే పరీక్ష కూడా ఎందుకు చేయకూడదు?

దగ్గు వారాల తరబడి తగ్గకపోయినా, పనిచేస్తుంటే ఆయాసం వస్తున్నా 'వయసైపోతోంది' అని సరిపెట్టుకోకండి. పొయ్యి ముందు గడిపిన ఏళ్ల సంగతి డాక్టరుకి మీరే చెప్పండి. జబ్బు త్వరగా తెలిస్తే మందులతో ఆయాసాన్ని అదుపులో పెట్టుకోవచ్చు.

ఇన్నాళ్లూ పొయ్యి కోసం ఊదాం. ఒక్కసారి మనకోసం ఊదుదాం!