బెస్ట్ డిఫెండర్‌కి కప్పు ఏది?

మన ఫెస్ట్ ఫుట్‌బాల్‌లో టాప్ స్కోరర్‌కి కప్పు ఇస్తారు, బెస్ట్ గోల్‌కీపర్‌కి ఇస్తారు, ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ ఎలాగూ ఉంటుంది. డిఫెండర్‌కి మాత్రం ఏమీ లేదు. వచ్చే ఏడాది నుంచి ఆ అవార్డు పెట్టాలనీ, దానికి సయ్యద్ నయీముద్దీన్ పేరు ఉండాలనీ నా వాదన.

"ఆయనెవరు?" అంటారని తెలుసు. ప్రగతి నగర్ టర్ఫ్‌ల మీద రాత్రి పదింటికి చూడండి, మెస్సీ జెర్సీలు, రొనాల్డో జెర్సీలు బోలెడు. డిఫెండర్ పేరున్న జెర్సీ నాకైతే ఇంతవరకు ఒక్కటీ కనిపించలేదు. కొత్తగా వచ్చినవాణ్ణి, కాస్త లావుగా ఉన్నవాణ్ణి "నువ్వు బ్యాక్ ఉండరా" అని పంపేస్తాం, అదేదో పనిష్మెంట్ అయినట్టు.

నయీముద్దీన్ పుట్టింది 1944లో, మన హైదరాబాద్‌లోనే. ఆయన చిన్నప్పుడు ఇది ఫుట్‌బాల్ ఊరు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, 'మైదాన్'లో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర. సినిమా పుణ్యమా అని ఆయన పేరైనా మనవాళ్లకి తెలిసింది. తర్వాతి తరం ఆటగాళ్ల మీద ఇంకా ఎవరూ సినిమా తీయలేదు కదా!

1966లో నయీమ్, ఇదే ఊరివాడైన హబీబ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. అప్పట్లో ఫుట్‌బాలర్‌కి కలకత్తా అంటే ఇప్పుడు మన సీనియర్స్‌కి అమెరికా లాంటిది. డబ్బు, పేరు, జనం అన్నీ అక్కడే. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆయన ఆడారు.

అసలు సంగతి 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్. ఇండియా కెప్టెన్ నయీముద్దీన్. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో ఎదురుగా జపాన్, రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం. స్కోరు 1-0, గెలిచింది మనమే. అందరూ ఆ ఒకటి గురించి అడుగుతారు. పక్కనున్న సున్నా కూడా ఎవరో కష్టపడితేనే వచ్చింది. అది డిఫెన్స్ పని. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ పతకం రాలేదు, యాభై ఏళ్లు దాటిపోయింది.

ఆటగాడిగా అర్జున, రిటైరయ్యి కోచ్ అయ్యాక 1990లో ద్రోణాచార్య. 1997లో శాఫ్ కప్ గెలిచిన ఇండియా టీమ్‌కి కోచ్ ఆయనే. ఫిట్‌నెస్ విషయంలో చాలా స్ట్రిక్ట్ అని పేరు.

"హైదరాబాద్ ఎఫ్‌సీయే 2025లో ఢిల్లీ వెళ్లిపోయింది, ఇంకా పాత పేర్లెందుకు బ్రో" అన్నాడు మా రూమ్మేట్. నిజమే, 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన క్లబ్బు ఇప్పుడు గచ్చిబౌలిలో లేదు. ఓనర్ మారాడు, ఊరు మారింది. కానీ నయీముద్దీన్ ఈ ఊరివాడన్న మాటని ఏ ఓనర్ కొనుక్కుపోతాడు? మనం పట్టించుకోకపోతే తప్ప అది ఎక్కడికీ పోదు.

కప్పు ఖర్చు కొన్ని వందలు. చిక్కల్లా ఎవరికివ్వాలో తేల్చడంలో ఉంది. గోల్స్ స్కోర్‌బోర్డ్ మీద ఉంటాయి, ఆపిన బంతులు ఎక్కడా ఉండవు. టచ్‌లైన్ దగ్గర నోట్‌బుక్ పట్టుకుని ట్యాకిల్స్, బ్లాక్స్ రాసుకునేవాళ్లు కావాలి. ఒక గ్రౌండ్‌కి నేను కూర్చుంటా. రెండో గ్రౌండ్‌కి ఎవరు?