టమోటాకి పాస్‌వర్డ్!

మా ఆఫీసులో కోడ్ మొత్తం ఎవరికీ కనిపించదు. ఎవరి ముక్క వాళ్లదే. ఒకరు మానేసినా గుట్టు మొత్తం బయటికి పోకూడదని టీమ్‌లనే అలా విడగొట్టారు.

మదనపల్లె టమోటా కథా ఇంతే. హైబ్రిడ్‌కి తల్లి, తండ్రి రకాల్ని కంపెనీ తన చేతుల్లోనే పెట్టుకుంటుంది. వాటిని కలిపి విత్తనం తీసే పని మాత్రం రైతులకు కాంట్రాక్టుకిస్తుంది. ఆ పంట నుంచి కుప్పం రైతు మళ్లీ విత్తనం తీసి నాటాడనుకోండి, మొక్కలు ఒక్కతీరుగా రావు. విత్తనం దాచుకునే హక్కు 2001 చట్టం ఇచ్చింది. అయినా ఏటా ప్యాకెట్ కొనాల్సిందే!

పుంగనూరు ఆవుకి ఈ తాళం లేదు. అదే జాతి ఎద్దు తోడైతే దూడ కూడా పొట్టిగానే పుడుతుంది. తరతరాల పెంపకందార్ల తెలివి అది. దాచుకున్న కంపెనీ బాగానే ఉంది. మరి పంచుకున్న రైతుకి ఏం దక్కింది?